మెదడు గడ్డకి ముక్క పరీక్ష: ముక్క ఎక్కడిది?

మా ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాళ్లు పైపైన చూసి రేటు చెప్పరు. కుప్పలోకి చెయ్యి పెట్టి లోపలి పత్తి లాగి చూస్తారు. మెదడు గడ్డల పరీక్ష చరిత్ర కూడా ఇదే. చెయ్యి ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

1926లో అమెరికాలో బెయిలీ, కుషింగ్ అనే డాక్టర్లు గ్లయోమా గడ్డల్ని కణాల రూపాన్ని బట్టి రకాలుగా విడదీశారు. 1930లో లూయీస్ ఐసెన్‌హార్ట్, కుషింగ్ ఇంకో పద్ధతి చెప్పారు: ఆపరేషన్ జరుగుతుండగానే చిన్న ముక్కని గాజు పలకల మధ్య నలిపి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం. ఈ నలిపి చూసే పద్ధతి మన దేశంలో ఇప్పటికీ వాడతారు.

సరే, ముక్క ఎక్కడి నుంచి తీయాలి? 1950ల్లో విశాఖ కేజీహెచ్‌లో డాక్టర్ బాలపరమేశ్వరరావు న్యూరోసర్జరీ మొదలుపెట్టిన రోజుల్లో సీటీ స్కాన్ అనేదే లేదు. గడ్డ ఎక్కడుందో రక్తనాళాల ఎక్స్‌రేలు చూసి అంచనా వేయాల్సిందే. 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ తీశారు. తర్వాత తలకి ఫ్రేమ్ బిగించి, స్కాన్ లెక్కలతో సన్నని సూదిని గడ్డలోకి పంపడం వచ్చింది.

ఇక సమస్య తీరినట్టేనా? లేదు. గ్లయోమా అంతా ఒకేలా ఉండదు. అంచున నెమ్మదిగా పెరిగే కణాలు, ఇంకోచోట దూకుడుగా పెరిగేవి, నడుమ చచ్చిన కణజాలం. సూది అంచున దిగితే రిపోర్టు తక్కువ గ్రేడ్ అంటుంది, వైద్యం కూడా తక్కువగానే మొదలవుతుంది.

2001లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ డాక్టర్లు 81 మందిని పరిశీలించారు. ముందు సూదితో తీసిన ముక్క రిపోర్టు, తర్వాత ఆపరేషన్‌లో తీసిన గడ్డ రిపోర్టు పక్కపక్కన పెట్టారు. 49 శాతం మందిలో తేడా! అవే స్లైడ్లు నిపుణులు మళ్లీ చూస్తే తేడా 38 శాతానికి తగ్గింది. అంటే కొంత తప్పు చూసే కంటిది, ఎక్కువ తప్పు ముక్కది. వీళ్లంతా పెద్దాసుపత్రికి వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కాబట్టి ఈ లెక్క అందరికీ వర్తించదు. పైగా లోతుగా ఉన్న గడ్డలకి చాలాసార్లు సూదే దారి.

అందుకే ఇప్పుడు ఎమ్మారైలో మెరిసే చోటు చూసి, ఒకటికి నాలుగు ముక్కలు తీస్తారు. 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో జన్యు పరీక్షలూ కలిశాయి. కణాలు నెమ్మదిగా కనిపించినా, కొన్ని జన్యు మార్పులుంటే దాన్ని గ్లయోబ్లాస్టోమా అనే అంటారు.

కృష్ణగిరి నుంచో ఎమ్మిగనూరు నుంచో కర్నూలు, హైదరాబాద్ వెళ్లేవాళ్లకి ఒక మాట. రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టరు చూడాల్సింది వాటినే. ‘ముక్క ఏ భాగం నుంచి తీశారు సార్?’ అని అడగండి. అడగడం తప్పేం కాదు. ఉంటానండి.