మల్లన్న, గోదావరి, ఎర్రవల్లి: సిద్దిపేట సీమలో నామసామ్యము

సిద్దిపేట జిల్లాలో మల్లన్న యను పేరు నేడు ఒక దేవునికిని, ఒక మహాజలాశయమునకును చెల్లుచున్నది. వీనిలో మొదటిది అనేక తరముల నాటిది. రెండవది 2022 ఫిబ్రవరి 23వ తేదీన తొగుట మండలములోని తుక్కాపూర్ వద్ద ప్రారంభమైనది. దేవుడున్న కొమురవెల్లి వేఱొక మండలము. 50 టీఎంసీల నీరు నిలుపగల మల్లన్నసాగరమునకు క్షేత్రసామీప్యముకంటె జనుల భక్తియే నామకారణమని చెప్పవలెను.

కొమురవెల్లి మల్లికార్జునస్వామి బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ యను దేవేరులతో కొండనంటి వెలసిన దైవము. మూలవిగ్రహము పుట్టమన్నుతో మలచినది. సంక్రాంతి మొదలు ఉగాది వఱకు ఆదివారములందు జాతర సాగును. ఒగ్గుపూజారులు పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఆకుపొడులను పిడికిట బట్టి వ్రేళ్ళ సందునుండి సన్నని ధారగా నేలపై విడుచుచు, డోలు మ్రోగుచుండగా గళ్ళుగళ్ళుగా వేయు ముగ్గునకు పట్నమని పేరు; హైదరాబాదును సైతము పల్లెజనులు పట్నమనియే యందురు గనుక, ఆ నగరపు భక్తులు తరలివచ్చు తొలి ఆదివారమును పట్నంవారమనుచున్నారు. అయినవోలులోను, ఓదెలలోను మల్లన్నలు కలరు. శ్రీశైలమందు జ్యోతిర్లింగమై వెలసినవాడును మల్లన్నయే. అందువలన మ్రొక్కు చెప్పుకొనువారు ఊరిపేరు ముందు చేర్చి దేవుని పేర్కొనుట వాడుకయైనది.

ఈ నామకరణరీతి మల్లన్నతో ఆగలేదు. చంద్లాపూర్ వద్ద 3 టీఎంసీల జలాశయము రంగనాయకసాగరము. మర్కూక్ వద్ద 15 టీఎంసీల జలాశయము, తీగుల్ నర్సాపూర్‌లోని గ్రామదేవత పేరిట, కొండపోచమ్మసాగరము. రెండును 2020లో ప్రారంభమైనవి.

ఈ దేవతానామములన్నిటి క్రింద నిలిచిన నీరు మాత్రము గోదావరిది. నాసిక సమీపమున త్ర్యంబకమున బుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు ఆ నది, కాళేశ్వర పథకమున మెట్టుమెట్టుగా ఎత్తిపోయబడి, మధ్యమానేరు, అనంతగిరి మీదుగా ఈ మెట్టసీమను చేరినది. తన పేరును ఆ నది ఎక్కడెక్కడనో పంచిపెట్టినది: బొగ్గుగనుల పట్టణము గోదావరిఖని, 1925 నాటి పునర్విభజనతో ఏర్పడిన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు, విశాఖపట్నమునకును హైదరాబాదునకును నడుమ తిరుగు రైలు. సముద్రముపై సైతము మూడు యుద్ధనౌకలు ఈ పేరు దాల్చినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున 1943లో సేవకు వచ్చిన మొదటి గోదావరి, దేశవిభజనలో పాకిస్తానుకు పోయి సింద్ అయినది. రెండవది, యుద్ధకాలమున పోలండు నావికులు నడపిన బ్రిటిషు నౌక. 1953లో భారతదేశమునకు వచ్చినది. మూడవది ముంబయిలోని మజగావ్ నౌకానిర్మాణశాలలో నిర్మితమై, 1983 డిసెంబరు 10న నౌకాదళమున చేరి, ముప్పదిరెండేండ్లు సేవచేసి, 2015 డిసెంబరు 23న విరమించినది. తన వరుసకు చెందిన నౌకలకెల్ల గోదావరి తరగతి యను పేరు ఈ మూడవదానినుండియే వచ్చినది. కావున నౌకాదళ చరిత్రలో గోదావరి యనగా ముందుగా తలపునకు వచ్చునది ఇదియే.

నామసామ్యము వినోదమాత్రము గాక బాధాకరమైన ప్రశ్నయగుట ఎర్రవల్లి విషయమున కనబడును. సిద్దిపేట జిల్లాలోనే రెండు ఎర్రవల్లులుండెను. మర్కూక్ మండలములోనిది ముఖ్యమంత్రిగా నుండిన కె. చంద్రశేఖరరావు వ్యవసాయక్షేత్రముచే దేశమంతట ప్రసిద్ధమైనది. కొండపాక మండలములోనిది ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, సింగారములతో గూడ మల్లన్నసాగరమున మునిగినది. ఎర్రవల్లి యనగానే వినువారికి క్షేత్రమే స్ఫురించుచుండుటచే, ఇండ్లును, బావులును, పొలములును నీటిపాలైన రెండవ యూరి సంగతి మరుగుపడుచున్నది. ఇది అన్యాయమని నా నిశ్చయము. సేద్యపునీటిచే బాగుపడిన ప్రాంతము, ఆ నీటికై స్థలమిచ్చినవారి యూరిపేరునైనను విడిగా గుర్తింపవలదా?

నిర్వాసితులకు గజ్వేల్ సమీపమున ముట్రాజ్‌పల్లి వద్ద పునరావాసకాలనీ ఏర్పడినది. అచ్చటి పేటలను జనులు నేటికిని పాత యూరిపేళ్ళతోనే పిలుచుకొనుచున్నారు. ఆ విధముగా వేములఘాట్ మునిగిన యూరికిని, నిలిచిన పేటకును ఉమ్మడి పేరైనది. పూర్వులు ఇట్టి చిక్కును తీర్చుటకు మంచి ఉపాయము చూపియున్నారు: కిష్టాపూరులు పెక్కులున్నచోట ఏటిగడ్డయని, నర్సాపూరులు పెక్కులున్నచోట తీగుల్ అని ముందొక గుర్తు చేర్చిరి. పటములు గీయువారును, పాఠ్యపుస్తకములు వ్రాయువారును ఈ పద్ధతినే యనుసరించి, కొండపాక ఎర్రవల్లి యని, మర్కూక్ ఎర్రవల్లి యని మండలనామము చేర్చి వ్రాయవలెనని మనవి.