మెజారిటీ ఉండీ నిలవని ప్రభుత్వం: జై ఆంధ్ర నాటి కాంగ్రెస్, కృష్ణా డెల్టా

తెలుగువారి శాసనసభల చరిత్రలో రెండు పతనాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1954 నవంబరు 6న కర్నూలులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. 1973 జనవరిలో హైదరాబాదులో పి.వి. నరసింహారావు ప్రభుత్వం దిగిపోయింది. మొదటిదానికి సభలో బలం చాలలేదు. రెండోదానికి 287 మంది ఉన్న సభలో 219 మంది సభ్యుల బలం ఉంది. ఆ సభ్యులు ఎన్నికై ఏడాది కూడా కాలేదు. ఎదుట ప్రతిపక్షం అంతంతమాత్రమే. అయినా ముఖ్యమంత్రి తప్పుకున్నారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

బలం లేని ప్రభుత్వం పడిపోవడంలో వింత లేదు. ఇంత బలం ఉన్న ప్రభుత్వం నిలవలేకపోవడానికే కారణం వెతకాలి. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమాన్ని సాధారణంగా రెండు ప్రాంతాల తగవుగా చెబుతారు. అది నిజమే గాని, పాలన స్తంభించిన తీరు మాత్రం ఆ తగవు ఒక్కదానితోనే అర్థం కాదు. విడిపోవాలన్న వాదాన్నీ, కలిసుండాలన్న వాదాన్నీ ఒకే పార్టీ తన కడుపులో పెట్టుకుంది. రెంటిలో ఏదో ఒకటి తేల్చుకుంటే పార్టీ చీలుతుంది. తేల్చకుండా ఉంటే ప్రభుత్వం ఆగుతుంది. కాంగ్రెస్ పార్టీని కాపాడుకుని, ప్రభుత్వాన్ని ఆపుకుంది.

ముల్కీ తగవు

1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణ కలిసేటప్పుడు కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు కొన్ని రక్షణలు రాసుకున్నారు. వాటిలో ఉద్యోగాలకు సంబంధించినది నిజాం కాలపు ముల్కీ నిబంధనల మీద ఆధారపడింది. పదిహేనేళ్ల స్థిర నివాసం ఉన్నవారే స్థానికులన్నది ఆ నిబంధనల సారం. 1957లో పార్లమెంటు చేసిన నివాస అర్హత చట్టంలోని కీలకమైన సెక్షన్‌ను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒప్పందం అమలు కాలేదని, మిగులు నిధులు తమకు దక్కలేదని తెలంగాణ అప్పటికే రగులుతోంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలో నిలిచిన తెలంగాణ ప్రజాసమితి ఆ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. కాసు బ్రహ్మానందరెడ్డి తప్పుకుని, తెలంగాణకు చెందిన పి.వి. ముఖ్యమంత్రి అయ్యాక సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తగవు బయట ఉన్నంతకాలం అది కాంగ్రెస్‌కు పోటీ. లోపలికి వచ్చాక పార్టీ తానే తగవుగా మారింది.

1972 ఫిబ్రవరిలో ముల్కీ నిబంధనలు చెల్లవని హైకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెల్లుతాయని తేల్చింది. తీర్పే అంతిమమని ముఖ్యమంత్రి అన్న మాట కోస్తాలో మంట పెట్టింది. హైదరాబాదు తమకూ రాజధానే అయినప్పుడు అక్కడి ఉద్యోగానికి తాము పరాయివాళ్లం ఎలా అవుతామన్నది కోస్తా యువకుల ప్రశ్న. బందరులోనో, గుడివాడలోనో డిగ్రీ ముగించి దరఖాస్తు పెట్టుకునే కుర్రాడికి అది రాజ్యాంగ చర్చ కాదు, పొట్టకూటి మాట. రాజధాని వచ్చిందన్న భరోసాతో తమ ఉద్యోగాలకు వరస కట్టినవారిని చూసిన తెలంగాణ యువకుడికీ అది పొట్టకూటి మాటే. ఇద్దరికీ న్యాయం ఉన్న చోట రాజకీయం పని చేయాలి. ఇక్కడ ఆ పనిని కోర్టులకు వదిలేశారు.

నవంబరు 27న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో పంచసూత్రాలు ప్రకటించారు. వాటిని దగ్గరగా చూస్తే ఆనాటి రాజీ తత్వం తెలుస్తుంది. ముల్కీ నిబంధనలు నాన్‌గెజిటెడ్ ఉద్యోగాలకు, తహసీల్దారు, సివిల్ అసిస్టెంట్ సర్జన్, జూనియర్ ఇంజనీరు పోస్టులకు మాత్రమే వర్తిస్తాయి. రెండు ప్రాంతాలకూ ఉమ్మడిగా ఉన్న కార్యాలయాల్లో ప్రతి మూడు ఖాళీల్లో రెండోది ముల్కీలది. జంటనగరాల్లో 1977 చివరి దాకా, మిగిలిన తెలంగాణలో 1980 చివరి దాకా ఇవి సాగుతాయి. లెక్క చక్కగానే ఉంది. కాని తమ రక్షణకు గడువు పెట్టారని తెలంగాణవారు, ఆ గడువు దాకా తాము ఆగాలా అని ఆంధ్రులు అలిగారు. ఇద్దరినీ సంతోషపెట్టబోయిన సూత్రం ఇద్దరికీ కోపం తెప్పించింది.

మంత్రులే ఉద్యమకారులు

డిసెంబరులో ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డితో పాటు ఆంధ్ర ప్రాంత మంత్రులు పలువురు రాజీనామా చేశారు. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన కాకాని వెంకటరత్నం ఒకరు. ఉయ్యూరు దగ్గర ఆకునూరులో పుట్టి, జిల్లా కాంగ్రెస్‌ను ఏళ్ల తరబడి నడిపి, ఉక్కు కాకానిగా పేరుపడ్డ మనిషి. డెబ్బై దాటిన వయసులో మంత్రి పదవి వదిలి వీధిలోకి వచ్చారు. డిసెంబరు 25న గుండెపోటుతో కన్నుమూశారు. ఉద్యమానికి అంతవరకు లేని ఉద్వేగాన్ని, ఒక అమరుడి పేరును ఆ మరణం ఇచ్చింది. డిసెంబరు చివర తిరుపతిలో సమావేశమైన ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ నాయకులు ప్రత్యేక రాష్ట్రమే కావాలని తీర్మానించారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, వీరెవరూ కాంగ్రెస్‌ను వదలలేదు. ప్రభుత్వాన్ని వదిలారు, పార్టీలో ఉన్నారు. అందుకే సభలో అవిశ్వాసం పెట్టే పని లేకపోయింది. ఇంకొకరిని నాయకుడిగా ఎన్నుకునే పనీ లేకపోయింది. ముఖ్యమంత్రిని ఎంచేది శాసనసభాపక్షం కాదు, ఢిల్లీ అని అందరికీ తెలుసు. ఎమ్మెల్యేకు తన నాయకుడిని దించే దారి సభలో లేదు కాబట్టి వీధిని పట్టుకున్నాడు.

తగవు వెనుక ఇంకో పొర ఉంది. పి.వి. ప్రభుత్వం 1972 సెప్టెంబరులో భూపరిమితి బిల్లును శాసనసభలో ఆమోదింపజేసింది. తడి భూమి తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు ఒక కుటుంబానికి పరిమితి. 1973 జనవరి 1న దానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. కాలవ నీళ్లు పారే కృష్ణా డెల్టాలో ఇది పెద్ద రైతుల ఆస్తి లెక్కను మార్చే చట్టం. పైగా 1972 ఎన్నికల్లో పి.వి. కొత్తవారికి, వెనుకబడిన వర్గాలవారికి టిక్కెట్లు బాగానే ఇచ్చారు. పాత నాయకత్వానికి ఆ రెండూ నచ్చలేదు. ఉద్యమం మొత్తం భూస్వాముల కుట్ర అనడం తప్పు. ఉద్యోగం రాని విద్యార్థి కడుపుమంటను ఏ భూస్వామీ పుట్టించలేదు. అయితే ఆ మంటకు డబ్బు, మనుషులు, పలుకుబడి ఇంత త్వరగా ఎలా తోడయ్యాయో భూపరిమితి బిల్లును పక్కన పెట్టి చెప్పలేం.

డెల్టా అంతా ఒకే మాట మీద కూడా లేదు. తెలుగువారందరికీ ఒకే రాష్ట్రమన్న విశాలాంధ్ర నినాదాన్ని పుట్టించిన కమ్యూనిస్టులకు కృష్ణా జిల్లా ఒకప్పటి కంచుకోట. పుచ్చలపల్లి సుందరయ్య గన్నవరం నుంచి శాసనసభకు వెళ్లిన నాయకుడు. చీలి రెండైన కమ్యూనిస్టు పార్టీలు కూడా రాష్ట్ర విభజనను వ్యతిరేకించడంలో ఒకటిగా నిలిచాయి. జనసంఘం, స్వతంత్ర పార్టీ నాయకులు, గౌతు లచ్చన్న వంటివారు ప్రత్యేక రాష్ట్రం వైపు నిలిచారు. ప్రతి పార్టీకీ ఒక మాట ఉంది. రెండు మాటలు మాట్లాడింది అధికార పార్టీ ఒక్కటే.

డెల్టా చివర ఆ చలికాలం

స్తంభన అనే మాటకు అర్థం శాసనసభ కంటే తాలూకా కచేరీలో బాగా తెలుస్తుంది. డిసెంబరులో మొదలైన నాన్‌గెజిటెడ్ ఉద్యోగుల (ఎన్జీవోల) సమ్మె నెలల తరబడి సాగింది. బందరు జిల్లా కేంద్రం. కోడూరు, నాగాయలంక రైతులకు పని పడితే అవనిగడ్డ, అక్కడ తెమలకపోతే బందరు. భూమి కాగితం కావాలన్నా, రుణం కోసం సంతకం కావాలన్నా అంతే. సమ్మెలో ఆ సంతకాలు ఆగాయి. బళ్లు, కాలేజీలు మూతపడి విద్యార్థుల చదువు దెబ్బతింది. అది డెల్టాలో మాసూళ్ల కాలం. కుప్పలు నూర్చి ధాన్యం మిల్లుకు చేరాలి, మిల్లు నుంచి బియ్యం రైలెక్కాలి. మద్రాసు నుంచి ఢిల్లీకీ, కలకత్తాకూ పోయే రైళ్లన్నీ బెజవాడ మీదుగానే పోవాలి గనుక, ఆ ఒక్క జంక్షన్ స్తంభిస్తే దేశమంతటికీ తెలిసేది. పన్నులు కట్టవద్దన్న పిలుపు వచ్చింది. పోలీసు కాల్పుల్లో పలు పట్టణాల్లో ప్రాణాలు పోయాయి. కేంద్ర బలగాలు దిగాయి.

జనవరి మొదట్లో పి.వి. ఖాళీలు నింపి మంత్రివర్గాన్ని విస్తరించారు. కొత్త మంత్రులు కుర్చీల్లో కుదురుకోకముందే ఢిల్లీ మనసు మారింది. ఆయన రాజీనామా చేశారు. గవర్నరు ఖండూభాయ్ దేశాయ్‌కి సలహాదారుగా హెచ్.సి. సరీన్ వచ్చి పాలన చేతికి తీసుకున్నారు.

రద్దు చేయని సభ

ఈ కథలో అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చిన నిర్ణయం, అన్నిటికన్నా ఎక్కువ పని చేసిన నిర్ణయం ఒకటుంది. 1954లో ప్రకాశం ప్రభుత్వం పడ్డాక ఆంధ్ర శాసనసభను రద్దు చేసి, 1955లో జనం దగ్గరికి వెళ్లారు. 1973లో సభను రద్దు చేయలేదు, నిద్రపుచ్చారు. సభ్యత్వం పోలేదు. మళ్లీ మంత్రివర్గం ఏర్పడుతుందన్న ఆశ పోలేదు. ఆ మంత్రివర్గంలో చోటు ఎవరికన్నది ఢిల్లీ చేతిలోనే ఉంది. విడిపోవాలన్న ఎమ్మెల్యే నెలలు గడిచేకొద్దీ రెండు లెక్కలు వేసుకోవలసి వచ్చింది. ఉద్యమంలో ఉంటే వచ్చేది ఎప్పుడో తెలియని రాష్ట్రం, రాజీకి వస్తే వచ్చేది ఉన్న రాష్ట్రంలో పదవి. మార్చి నాటికి సమ్మె ముగిసింది. వేసవి అంతా చర్చలు సాగాయి.

1973 సెప్టెంబరు 21న ఆరుసూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నిబంధనలు, తెలంగాణ ప్రాంతీయ సంఘం రద్దయ్యాయి. వాటికి బదులు రాష్ట్రంలోని ప్రతి ప్రాంతానికీ స్థానిక అభ్యర్థుల ప్రాధాన్యం వచ్చింది. ఉద్యోగుల వివాదాలకు పాలనా ట్రిబ్యునల్, హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం వచ్చాయి. దీని కోసం రాజ్యాంగాన్ని 32వసారి సవరించి 371డి, 371ఇ అధికరణాలు చేర్చారు. 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని జోన్లుగా విభజించింది. కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాలు రెండో జోను అయ్యాయి. మొన్నటి దాకా ఒక ప్రాంతానికి ఉన్న రక్షణ ఇప్పుడు అందరికీ పంచబడింది. తగవు తీర్చలేనప్పుడు తగవు మూలాన్ని అందరికీ సమానంగా పంచడం తెలివైన రాజీయే. రెండు ప్రాంతాల నాయకులూ ఒప్పుకున్నారు. డిసెంబరు 10న జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర ప్రాంతంలో పుట్టి ఖమ్మం జిల్లాలో స్థిరపడిన ఆయనను రెండు వైపులా మనవాడని చెప్పుకోవచ్చు. అలాంటి మనిషిని వెతికి పట్టుకుంది కూడా ఢిల్లీయే.

అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకటకృష్ణారావు ఆ మంత్రివర్గంలో విద్య, సాంస్కృతిక శాఖలు చూశారు. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ఆయన పూనికతోనే జరిగాయి. రాజకీయం ఆరేళ్లలో రెండుసార్లు చీల్చబోయిన జనాన్ని భాష పేరుతో ఒక పందిరి కిందికి తేవాలన్న ప్రయత్నం అది.

బ్రిటన్ దారి

ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ తప్పుకున్న కథ దీనికి మంచి పోలిక. 2016 జూన్ 23 రిఫరెండంలో 51.9 శాతం మంది తప్పుకోవాలన్నారు. కన్సర్వేటివ్ పార్టీ లోపల కలిసుండాలన్నవారు, వద్దన్నవారు దశాబ్దాలుగా ఉన్నారు. ఆ ఇంటి తగవు తీర్చుకోవడానికే డేవిడ్ కామెరాన్ జనాన్ని అడిగి, ఓడి, దిగిపోయారు. థెరిసా మే 2017లో మెజారిటీ పోగొట్టుకున్నారు. 2018 డిసెంబరులో సొంత ఎంపీల విశ్వాస పరీక్షలో 200-117 ఓట్లతో గట్టెక్కారు. మరుసటి నెలలో ఆమె తెచ్చిన ఒప్పందం 432-202 ఓట్లతో ఓడింది, ఆ తర్వాత మరో రెండుసార్లు ఓడింది. బోరిస్ జాన్సన్ పార్లమెంటును నిద్రపుచ్చబోతే 2019 సెప్టెంబరు 24న అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. చివరికి డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చింది.

అక్కడ సంఖ్యాబలం చాలక సభ స్తంభించిందని అంటారు. 219 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభ కూడా స్తంభించింది కాబట్టి ఆ వివరణ సగమే. రెండుచోట్లా అసలు కారణం ఒకటే, ప్రశ్నకు రెండు వైపులా నిలిచినవారు ఒకే జెండా కింద ఉండటం. తేడా ముడి విప్పిన చోట వచ్చింది. బ్రిటన్‌లో నాయకుడిని దించినా, పెట్టినా ఎంపీలు, పార్టీ సభ్యులు చేశారు. ఆఖరి మాట ఓటరు చెప్పాడు. ఆంధ్రప్రదేశ్‌లో నాయకుడిని పెట్టిందీ, తీసిందీ హైకమాండ్. సభ మళ్లీ ఓటరు ముందుకు వెళ్లింది 1978లో.

బాకీ

ఆరుసూత్రాలతో పార్టీ గెలిచినట్టే కనిపించింది. 1977లో దేశమంతా ఓడిన కాంగ్రెస్ ఇక్కడ 42 లోక్‌సభ స్థానాల్లో 41 గెలిచింది. ఆ ఏడాది నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత కోడూరు, నాగాయలంక ఊళ్లలో కాలాన్ని లెక్కపెట్టేది ఉప్పెనకు ముందు, తర్వాత అనే. జై ఆంధ్ర ఆ జ్ఞాపకాల కింద పడిపోయింది.

కాని ముఖ్యమంత్రిని ఢిల్లీ నుంచి పంపే పద్ధతి అలాగే ఉండిపోయింది. 1978 నుంచి 1982 మధ్య చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరసగా వచ్చారు. పామర్రు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1982 మార్చిలో ఆత్మగౌరవం పేరుతో తెలుగుదేశం పార్టీ పెట్టారు. 1983 జనవరిలో ఆయన గుడివాడలోనూ, తిరుపతిలోనూ గెలిచారు. 294 స్థానాల్లో 200కు పైగా తెలుగుదేశానికి వచ్చాయి. అంత గాలిలోనూ అవనిగడ్డ మండలినే గెలిపించింది. ఓటరు కోపం మనుషుల మీద కన్నా పద్ధతి మీద అని చెప్పడానికి ఆ ఒక్క ఫలితం చాలు.

1973లో వాయిదా పడిన అసలు ప్రశ్న 2014 జూన్ 2న తేలింది. ఈసారి కృష్ణా డెల్టా సమైక్యాంధ్ర అంది, రాష్ట్రం విడిపోయింది. అప్పుడూ కాంగ్రెస్ రెండు మాటలూ తనలోనే పెట్టుకుంది. సొంత ముఖ్యమంత్రి రాజీనామా, రాష్ట్రపతి పాలన మళ్లీ వచ్చాయి. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి ఒక్క సీటు కూడా దక్కలేదు. 1973లో పార్టీని చీలనీయకుండా కాపాడిన వాయిదాకు వడ్డీతో సహా చెల్లింపు అది. చీలికను భరించి ప్రశ్నను అప్పుడే తేల్చుకున్న పార్టీ ఒక ఎన్నిక ఓడిపోయేదేమో, ఊరూరా మనుషులను మాత్రం నిలుపుకునేది.