పెళ్లి ఉంగరంలోంచి దూరే శాలువా

1872లో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన విచారణాధికారి విలియం గత్రీ షెట్లండ్ దీవుల్లో ఒక్కొక్కరినే పిలిచి వాంగ్మూలాలు తీసుకున్నాడు. జాలర్లు వచ్చారు, దుకాణదార్లు వచ్చారు, శాలువాలు అల్లే ఆడవాళ్లూ వచ్చారు. అల్లినదానికి మీకేం ముడుతోంది అని వాళ్లను అడిగారు. డబ్బు చేతికి రాదు, టీ పొడి ఇస్తారు, గుడ్డ ఇస్తారు, లేదంటే అదే కొట్లో చెల్లే చీటీ రాసిస్తారు అని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకొచ్చారు. ఇంట్లో తిండిగింజలు నిండుకున్నప్పుడు ఆ టీ పొడినే ఇరుగుపొరుగుకిచ్చి పిండి తెచ్చుకున్నవాళ్లున్నారు. అప్పటికే ఆ శాలువాలు లండన్ సంపన్నుల భుజాల మీద ఉన్నాయి. ఈ స్త్రీల పేర్లు విచారణ నివేదికలో అచ్చయ్యాయి గానీ వాళ్లు అల్లిన ఏ శాలువా మీదా లేవు. లేసు శాలువా చరిత్రను మామూలుగా విక్టోరియా రాణితో మొదలుపెడతారు. ఈ వాంగ్మూలాలతో మొదలుపెట్టడమే న్యాయమని నా నమ్మకం.

షెట్లండ్ స్కాట్లండ్‌కు ఉత్తరాన, సముద్రం మధ్య ఉన్న దీవుల గుంపు. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. మగవాళ్లు చేపల వేటకో, తిమింగలాల వేటకో, సరుకు ఓడల మీద పనికో వెళ్లిపోతే పొలం, పశువులు, పొయ్యిలోకి పీట్ మట్టి పెళ్లలు మోసుకురావడం, పిల్లలు అన్నీ ఆడవాళ్ల మీదే పడేవి. వీపున పీట్ బుట్ట మోస్తూ, నడుస్తూనే అల్లుతున్న స్త్రీల పాత ఫొటోలు ఎన్నో ఉన్నాయి. నడుముకు ఒక తోలు పట్టీ, దానికి కూరుపెట్టిన చిన్న మెత్త, మెత్త నిండా చిల్లులు. ఒక సూది చివర ఆ చిల్లులో గుచ్చితే సూది బరువు నడుము మోస్తుంది, వేళ్లకు ఊలు కదపడమే పని. నడకలో కూడా చేతులు ఖాళీగా ఉండే వీల్లేని బతుకులోంచి వచ్చిన పనిముట్టు అది.

అల్లిక ఆ దీవులకు ఎప్పుడొచ్చిందో చెప్పే మంచి సాక్ష్యం ఒకటి నేలలోంచే దొరికింది. 1951లో గనిస్టర్ దగ్గర పీట్ తవ్వుతుంటే ఒక మనిషి శవం తాలూకు బట్టలు బయటపడ్డాయి. మేజోళ్లు, చేతి తొడుగులు, టోపీలు, రంగుగళ్ల చిన్న సంచి, అన్నీ ఊలుతో అల్లినవే. సంచిలోని నాణేల్లో ఒకదాని మీద 1690 అని ఉంది. అప్పటికే డచ్ జాలర్లు ప్రతి వేసవీ వందల పడవలతో హెరింగ్ చేపల కోసం వచ్చి, లెర్విక్ తీరంలో మేజోళ్లు కొనుక్కునేవాళ్లు. అంటే లేసు పుట్టేనాటికి అక్కడి వేళ్లకు వందేళ్లకు పైబడ్డ సాధన ఉంది. 1830, 40ల్లో మేజోళ్ల బేరం పడిపోతున్నప్పుడు ఆ సాధనే శాలువా వైపు మళ్లింది.

మన గోదావరి లేసు చూసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మనది కొక్కెం సూదితో, నూలు దారంతో చేసే క్రోషా పని. షెట్లండ్‌ది రెండు పొడుగు సూదులతో చేసే ఊలు అల్లిక. ఇందులో రంధ్రం ఎలా వస్తుందంటే, సూది మీద దారాన్ని ఒకసారి ఊరికే చుట్టి వదిలేస్తారు. తర్వాతి వరసలో ఆ చుట్టే కుట్టవుతుంది, దాని కింద చిల్లు మిగులుతుంది. అయితే ఒక కుట్టు పెరిగింది కదా, పక్కన రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లి లెక్క సరిచేస్తారు. లేసంతా ఈ పెంచడం, తగ్గించడమే. పెంచింది ఎక్కడ, తగ్గించింది ఎక్కడ అన్నదాన్ని బట్టి ఆకు, అల, వజ్రం, గుర్రపు నాడా వస్తాయి.

షెట్లండ్ పిల్లలు తొలినాళ్లలో నేర్చే ఓల్డ్ షేల్ అనే డిజైను తీసుకోండి. అది పద్దెనిమిది కుట్ల లెక్క. మొదటి ఆరు కుట్లను రెండేసి చొప్పున కలిపి మూడు చేస్తారు. తర్వాతి ఆరింటికి ఒక్కోదాని ముందు దారం చుట్టి పన్నెండు చేస్తారు. చివరి ఆరు మళ్లీ మూడు. మూడు, పన్నెండు, మూడు కలిపితే పద్దెనిమిదే. నాలుగు వరసల్లో ఈ పని ఒక్క వరసలోనే ఉంటుంది, మిగతా మూడూ కళ్లు మూసుకుని అల్లేయవచ్చు. తగ్గించినవన్నీ ఒకచోట, పెంచినవన్నీ ఒకచోట కుప్పపడేసరికి వరసలు తిన్నగా ఉండలేక అలల్లా వంగిపోతాయి. ఇంత కొద్ది లెక్కలోంచి అంత అందం తీసిన మొదటి మనిషి ఎవరో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

మామూలు ఇళ్లలో కప్పుకునే దళసరి శాలువాను అక్కడ హ్యాప్ అంటారు. సన్నపు శాలువా దారి వేరు. దానికి ఊలు షెట్లండ్ గొర్రె మెడ దగ్గరిది. కత్తెర వేయరు, వేసవి మొదట్లో ఊలు దానంతట అది వదులయ్యే సమయం చూసి చేత్తో పీకుతారు. కత్తిరించిన కొన ఉండదు కాబట్టి పోగు మెత్తగా ఉంటుంది. దాన్ని దువ్వి, వెంట్రుక మందాన వడికి, రెండు పోగులు కలిపి పురి పెడతారు. ఆరడుగుల చదరపు శాలువా పట్టుమని వంద గ్రాములు తూగదు. మన నేతగాళ్ల అగ్గిపెట్టెలో పట్టే చీరలాగే దీనికీ ఒక పరీక్ష ఉంది: పెళ్లి ఉంగరంలోంచి లాగితే మొత్తం శాలువా ఇవతలికి రావాలి. సూదుల మీంచి దిగినప్పుడు అది ముడతలు పడ్డ గుడ్డముక్కలా ఉంటుంది. ఉతికి, తడి మీదే చెక్క చట్రానికి నాలుగు పక్కలా లాగి కట్టి ఆరబెడితే అప్పుడు డిజైను విచ్చుకుంటుంది. ఆ చివరి పని చేసిపెట్టేవాళ్లు వేరే ఉండేవాళ్లు.

ఈ విద్యకు చాలాకాలం పుస్తకం లేదు. ఉత్తర కొసనున్న అన్‌స్ట్ దీవి సన్నపు లేసుకు పేరు మోసింది. అక్కడ తల్లి దగ్గర కూతురు, పొరుగింట్లో పిన్నవయసు పిల్ల, చలికాలం రాత్రుళ్లు ఒకే ఇంట్లో చేరి ఊలు దువ్వేవాళ్లు, వడికేవాళ్లు, అల్లేవాళ్లు, ఇలా చూసి నేర్చుకున్నదే. షెట్లండ్ మాటలో అల్లికను మాకిన్ అంటారు. అల్లుతూ కబుర్లు చెప్పుకునే కూటాలకు అక్కడ నేటికీ మాకిన్ అండ్ యాకిన్ అనే పేరుంది. కొత్త అంచు ఒకామె చేతిలో పుడితే పక్కామె దాన్ని చూసి, తన వజ్రపు గడిలో ఇమిడేలా ఒక కుట్టు తగ్గించి తనది చేసుకునేది. అందుకే పిల్లి పాదం, పక్షి కన్ను, అల జాడ లాంటి డిజైన్లకు పేర్లున్నాయి, సొంతదార్లు లేరు.

బయటి ప్రపంచంలో పేర్లున్నది అమ్మినవాళ్లకు. లెర్విక్‌లో పుట్టి, మద్రాసు, కలకత్తాలకు ఓడలు నడిపిన పి అండ్ ఓ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన ఆర్థర్ ఆండర్సన్ 1837 ప్రాంతంలో విక్టోరియా రాణికి సన్నపు షెట్లండ్ మేజోళ్లు కానుకిచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ వ్యాపారి ఎడ్వర్డ్ స్టాండెన్ శాలువాలకు ఇంగ్లండ్‌లో గిరాకీ తెచ్చాడు, 1851 లండన్ మహా ప్రదర్శనలోనూ అవి కనిపించాయి. ఎడిన్‌బరోలో ఊలు దుకాణం నడిపే జేన్ గోగెన్ 1840లో అల్లిక పుస్తకం వేసి, కుట్లకు అక్షరాలతో గుర్తులు పెట్టి, చదువుకున్న ఇల్లాళ్లు ఇంట్లోనే అల్లుకునే దారి చూపింది. ఆమెది గొప్ప పని. చేతి నుంచి చేతికి వెళ్లే విద్య కాగితం మీద ప్రయాణించింది. దానితోపాటే షెట్లండ్ స్త్రీలకు పోటీ కూడా మొదలైంది, యంత్రాలు చేసిన నకళ్లు ఆ తర్వాత తోడయ్యాయి.

గత్రీ విచారణ తర్వాత 1887 చట్టం డబ్బుకు బదులు సరుకివ్వడాన్ని నిషేధించింది. అయినా ఆ అలవాటు మరి కొన్ని దశాబ్దాలు పోలేదు. షెట్లండ్ స్త్రీల జీవితాల మీద పరిశోధన చేసిన చరిత్రకారిణి లిన్ అబ్రమ్స్ ఈ వాంగ్మూలాల్లో ఇంకొకటీ చూసింది. ఈ ఆడవాళ్లు మౌనంగా మోసపోయిన బాధితులు కారు, బేరమాడారు, ఎదురు చెప్పారు, ఒకరి సంపాదన మీద ఒక ఇంటిని నిలబెట్టారు. నేనూ అదే పక్షం.

మరో రెండు చోట్ల కూడా ఇదే విద్య వేరే వేళ్లతో ఎదిగింది. ఉరల్ పర్వతాల దక్షిణాన ఓరెన్‌బర్గ్‌లో గొర్రె బదులు మేక, దాని పైబొచ్చు కింద ఉండే సన్నపు నూగు. అధికారి, పండితుడు ప్యోత్ర్ రిచ్కోవ్ 1766లో ఆ మేక నూగు మీద వ్యాసం రాశాడు. అతని భార్య అల్యోనా అల్లిన శాలువాకు 1770లో బంగారు పతకం వచ్చింది. 1862 లండన్ ప్రదర్శనలో మరియా ఉస్కోవా అనే కోసాక్ స్త్రీకి పతకం దక్కింది. అక్కడివాళ్లు సన్నపు శాలువాను సాలెగూడు అనే అంటారు. ఎస్టోనియాలో హాప్సాలు అనే ఊరికి 1825లో బురద స్నానాల వైద్యశాల వచ్చింది. రష్యా ప్రభువుల కుటుంబాలు వేసవికి అక్కడికి రావడంతో ఊరి స్త్రీలు సముద్రపొడ్డు విహారవీధిలో అల్లుతూ కూర్చుని శాలువాలు అమ్మారు. వాళ్ల గుర్తు నుప్ప్ అనే ముద్ద కుట్టు, ఒకే కుట్టులోంచి అయిదో ఏడో తీసి, మరుసటి వరసలో అన్నిటినీ కలిపి ఒకటి చేసేది. 1932లో వచ్చిన స్వీడన్ యువరాజు పేరా ఒక డిజైను ఉంది.

మన తీరానికీ ఇందులో వాటా ఉంది. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మాక్రే దంపతులు గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో స్త్రీలకు లేసు నేర్పారని చెబుతారు. అక్కడి నుంచి అది నరసాపురం ప్రాంతానికి పాకింది. చేతిపని ఒకరిది, అతుకుపని మరొకరిది, ఎగుమతి ఇంకొకరిది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద పుస్తకం రాసి, ఇంట్లో కూర్చుని ప్రపంచ మార్కెట్‌కు సరుకు చేస్తున్న ఈ స్త్రీలను లోకం కార్మికులుగా లెక్కించక, తీరికవేళ గడుపుకునే గృహిణులుగా చూస్తోందని చూపించింది. 1872 లెర్విక్‌లో విన్న మాటకూ, ఆమె నరసాపురంలో విన్నదానికీ ఉన్న పోలిక నన్ను బాధపెడుతుంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లిన చేతికి ముట్టేది దాంతో పెరిగితేనే ఆ గుర్తింపుకు విలువ.

షెట్లండ్‌లో ఇరవయ్యో శతాబ్దం లేసుకు కలిసిరాలేదు. 1922లో వేల్స్ యువరాజు గోల్ఫ్ ఆటకు రంగురంగుల ఫెయిర్ ఐల్ స్వెట్టర్ తొడుక్కోగానే గిరాకీ అటు వెళ్లింది. 1970ల్లో సముద్రంలో చమురు దొరికి జీతాల ఉద్యోగాలు వచ్చాయి. రోజుల తరబడి అల్లి కొద్ది పౌండ్లకు అమ్ముకోమని ఎవరు ఎవరికి చెప్పగలరు?

లేసును నిలబెట్టినవాళ్లు ఈసారి కొంత బయట నుంచే వచ్చారు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడ్డ ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1974లో తన పుస్తకంలో గుండ్రటి శాలువా ఒకటి ఇచ్చింది. డిజైనేమీ ఇవ్వలేదు, లెక్క ఇచ్చింది. వ్యాసార్థం రెట్టింపైతే పరిధి రెట్టింపవుతుంది, కాబట్టి వరసలు మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు అల్లి, ప్రతి దఫా తర్వాత కుట్లు రెట్టింపు చేస్తూ పోతే చాలు, మధ్యలో ఏ లేసు నింపుకుంటారో మీ ఇష్టం. ఇంత గొప్ప ఉపాయాన్ని కూడా ఆమె తనదని చెప్పుకోలేదు, ఎక్కడో ఎవరో ముందే కనుక్కుని ఉంటారని నమ్మింది. అదే ఏడాది ఆమె మొదలుపెట్టిన వేసవి శిబిరంలో దూరాల నుంచి వచ్చినవాళ్లు పక్కపక్కన కూర్చుని అల్లారు. గళ్ల కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో కుట్టు గుర్తు వేసే పద్ధతి వ్యాపించాక భాష అడ్డు కూడా తగ్గింది. ఎస్టోనియా ఆమె గీసిన గళ్ల పటాన్ని జపాన్‌లో అల్లుకోవచ్చు. నాన్సీ బుష్ 2008లో ఎస్టోనియా లేసును, షారన్ మిల్లర్ 2002లో షెట్లండ్ లేసును ఇలాంటి పటాలతో గ్రంథస్తం చేశారు.

2010లో షెట్లండ్‌లో రెండు జరిగాయి. బడుల్లో అల్లిక నేర్పడాన్ని స్థానిక సంస్థ ఖర్చు తగ్గింపులో భాగంగా మానేసింది. అదే ఏడు మొదటి ఊలు వారోత్సవం జరిగింది, ఇప్పుడు ఏటా అనేక దేశాల నుంచి దానికి వస్తున్నారు. కొన్నేళ్ల తర్వాత అక్కడివాళ్లే పీరీ మాకర్స్ పేరిట, అంటే చిన్ని అల్లికగాళ్లని, సాయంత్రం తరగతులు పెట్టి నడుముపట్టీతో సహా పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. నేర్పేది స్వచ్ఛందంగా వచ్చే స్థానికులు. 2012లో షెట్లండ్ వడుకు, నేత, అద్దకం సంఘం లేసు డిజైన్ల పుస్తకం వేసింది. అందులో ప్రతి డిజైను పక్కన దాన్ని చేసినామె పేరుంది. గత్రీ కాలంలో పేర్లుండేది వాంగ్మూలాల కింద, ఇప్పుడు పని పక్కనే ఉన్నాయి. లేసు అల్లగలిగేవాళ్లు ఇప్పుడు ప్రపంచమంతటా దొరుకుతారు. మెడ ఊలు దువ్వి ఉంగరంలో దూరేంత సన్నగా చేత్తో వడకగలిగేవాళ్లే చాలా కొద్దిమంది, అందుకే నేటి లేసు శాలువాల్లో ఎక్కువ భాగం మిల్లు దారంతో అల్లినవే.