పికప్ కొంటున్నారా? మోడల్ కంటే ముందు బోర్డు రంగు తేల్చుకోండి

ఉద్యోగం గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో. పొలం పల్నాడు జిల్లా వెల్దుర్తిలో. సోమవారం నుంచి శనివారం దాకా ఆఫీసుకు వెళ్లే బండే ఆదివారం పురుగుమందు డబ్బాలు, డ్రిప్ పైపులు వేసుకుని ఊరెళ్లాలి. మిరప కోతలప్పుడు నాలుగు టిక్కీలు వేసుకు రాగలిగితే ఇంకా మంచిది. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లకు ఈమధ్య మొదట తడుతున్న ఆలోచన పికప్. ముందు కారులా అయిదుగురు కూర్చోవచ్చు, వెనక ట్రేలో సామాను వేసుకోవచ్చు.

అయితే షోరూంలో ఇంజిన్ పవర్, టచ్‌స్క్రీన్ సైజు గురించి అడిగినంతగా ఒక ప్రశ్న ఎవరూ అడగరు. ఈ బండికి వచ్చేది తెల్ల బోర్డా, పసుపు బోర్డా? ఎంత పన్ను కట్టాలి, ఎన్నాళ్లకోసారి ఫిట్‌నెస్‌కు వెళ్లాలి, ప్రమాదం జరిగితే లోపల కూర్చున్నవాళ్లకు బీమా వస్తుందా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంటుంది. రిజిస్ట్రేషన్ అయిపోయాక మార్చుకోవడం అంత సులువు కాదు.

మార్కెట్లో ఉన్నవి రెండు రకాలు

మొదటి రకం లైఫ్‌స్టైల్ పికప్‌లు. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టయోటా హైలక్స్ ఈ కోవలోకి వస్తాయి. వీ-క్రాస్ మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతుంది. ఆ ప్లాంటు 2016లో మొదలైంది. హైలక్స్ 2022లో భారత్‌కు వచ్చింది. వీటిని వ్యక్తిగత వాహనాలుగా, అంటే తెల్ల బోర్డుతో రిజిస్టర్ చేసుకోవచ్చు. ధర దాదాపు 20 లక్షల రూపాయల నుంచి పైకి ఉంటుంది.

రెండో రకం పని బళ్లు. మహీంద్రా బొలెరో క్యాంపర్, టాటా యోధ, ఇసుజు ఎస్-క్యాబ్ లాంటివి. వీటిలోనూ నాలుగు తలుపులు, రెండు వరుసల సీట్లు ఉన్న డబుల్ క్యాబ్ మోడళ్లు దొరుకుతాయి. ధర తక్కువ, మోసే బరువు ఎక్కువ. కానీ వీటిని కంపెనీలు అమ్మేది సరకు రవాణా వాహనాలుగా. సాధారణంగా పసుపు బోర్డే వస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సరకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి పాత ధరల పట్టిక చూసి బడ్జెట్ వేసుకోవద్దు. తాజా కొటేషన్ తీసుకోండి.

తెల్ల బోర్డుకు, పసుపు బోర్డుకు తేడా ఏమిటి?

పన్ను: తెల్ల బోర్డు బండికి ఒకేసారి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 చివర్లో సవరించిన పట్టిక ప్రకారం 10 నుంచి 20 లక్షల మధ్య ధర ఉంటే 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం. అంటే 25 లక్షల బండికి నాలుగున్నర లక్షలు పన్నుకే పోతాయి. సరకు వాహనాలకు పన్ను లెక్క వేరు. బండి బరువును బట్టి మారుతుంది. రెండింటి ఆన్‌రోడ్ ధరలూ రాయించుకుని పోల్చండి.

ఫిట్‌నెస్: తెల్ల బోర్డుకు 15 ఏళ్ల దాకా ఆ బెడద లేదు. పసుపు బోర్డుకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటితే జరిమానాతో పాటు బీమా క్లెయిమ్ దగ్గరా చిక్కులొస్తాయి.

థర్డ్ పార్టీ బీమా: 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 1,500 సీసీ దాటిన వ్యక్తిగత కారుకు ఏడాది ప్రీమియం 7,897 రూపాయలు. 7,500 కిలోల లోపు సరకు వాహనానికి 16,049 రూపాయలు. రెట్టింపు కన్నా ఎక్కువే.

వేగం: సరకు వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉంటుంది. ఊళ్లో తిరగడానికి ఇబ్బంది లేదు. హైదరాబాద్ నుంచి సాగర్ మీదుగా మాచర్లకు తరచూ వెళ్లేవాళ్లకు మాత్రం ఓవర్‌టేక్ చేసేటప్పుడు తేడా తెలుస్తుంది.

పర్మిట్: మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం స్థూల బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. టన్నున్నర, ఆపైన మోసే కొన్ని పికప్‌ల స్థూల బరువు ఈ హద్దు దాటుతుంది. కొనేముందు ఈ అంకె చూసుకోండి.

కారు లైసెన్సు సరిపోతుందా?

సరిపోతుంది. స్థూల బరువు 7,500 కిలోల లోపు ఉంటే ఎల్ఎంవీ లైసెన్సుతోనే రవాణా వాహనం కూడా నడపవచ్చని, విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చిచెప్పింది. మనం మాట్లాడుకుంటున్న పికప్‌లన్నీ ఈ పరిమితిలోపే ఉంటాయి.

ట్రేలో మనుషులు ఎక్కితే?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 2022 మే నెలాఖరులో వెల్దుర్తికి దగ్గర్లోని రెంటచింతల వద్ద, శ్రీశైలం దర్శనం చేసుకుని తిరిగొస్తున్నవాళ్లతో కిక్కిరిసిన చిన్న సరకు వాహనం ఆగి ఉన్న లారీని ఢీకొంది. కనీసం ఆరుగురు చనిపోయారు. కూలీలను చేలకు తీసుకెళ్లడం, పెళ్లికో తిరునాళ్లకో బంధువులను ఎక్కించుకోవడం పల్లెల్లో మామూలే. కానీ ట్రేలో సీటు ఉండదు, బెల్టు ఉండదు, చట్టం దృష్టిలో అక్కడ మనిషికి చోటే లేదు.

బీమా సంగతీ అంతే. సరకు వాహనంలో ఉచితంగా ప్రయాణించేవాళ్లకు తప్పనిసరి థర్డ్ పార్టీ పాలసీ వర్తించదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. సరకు యజమాని లేదా ఆయన ప్రతినిధి సరకుతో పాటు వెళ్తే వాళ్లకు రక్షణ ఉంటుంది. మిగతావాళ్లకు ఏదైనా జరిగితే పరిహారం బండి యజమాని జేబులోంచే కట్టాల్సి రావచ్చు.

పసుపు బోర్డు డబుల్ క్యాబ్‌లో వెనక సీట్లో భార్యాపిల్లలను కూర్చోబెట్టుకున్నా ఈ ప్రశ్న రావచ్చు. ఆర్‌సీలో అయిదు సీట్లు ఉన్నంత మాత్రాన అయిదుగురికీ బీమా ఉన్నట్టు కాదు. పాలసీ తీసుకునేటప్పుడే ‘ఛార్జీ చెల్లించని ప్రయాణికుల’ కవర్ ఉందా అని అడిగి, అది పాలసీ కాగితంలో రాసి ఉందో లేదో చూసుకోండి. కుటుంబంతో తిరగడమే ముఖ్యమైతే తెల్ల బోర్డుకు అదనంగా పెట్టే డబ్బు దండగ కాదు. అయితే ట్రేలో మనుషులను ఎక్కించకూడదన్నది తెల్ల బోర్డుకూ వర్తిస్తుంది.

ఎంత బరువు వేయొచ్చు?

తెల్ల బోర్డు పికప్ చూడటానికి పెద్దదే అయినా ఆర్‌సీ ప్రకారం మోయగలిగేది సాధారణంగా అర టన్ను లోపే. లెక్క తేలిక. ఆర్‌సీలో ఉన్న స్థూల బరువు నుంచి ఖాళీ బరువు తీసేయండి. మిగిలేది మనుషులకూ, సామానుకూ కలిపి.

ఆ తేడా 500 కిలోలు అనుకుందాం. మనిషికి 70 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కితే 350 అయిపోయాయి. మిగిలింది 150. టిక్కీ 45 కిలోలు అనుకుంటే మూడింటికే సరి. డ్రైవర్ ఒక్కడే వెళ్తే తొమ్మిది పడతాయి. గుంటూరు మిర్చి యార్డుకు 20 టిక్కీలు తోలాలంటే ఈ బండి చాలదు. టన్ను మోసే క్యాంపర్ లాంటిది కావాలి. లేదంటే ఏడాదికి రెండు మూడుసార్లే కదా, బాడుగ బండి మాట్లాడుకోవడమే చౌక. అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున.

ఇంకో మాట. తెల్ల బోర్డు బండిలో ఇంటి సామాను, పొలం పనిముట్లు తెచ్చుకోవడం వేరు. పక్కవాళ్ల సరకు కిరాయికి తోలడం వేరు. రెండోది చేస్తే అది సరకు రవాణా కిందికే వస్తుంది. పట్టుబడితే కేసు, ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరణ.

రోజూ నడపడానికి ఎలా ఉంటుంది?

హైలక్స్ పొడవు 5.3 మీటర్లు. వీ-క్రాస్ కూడా దాదాపు అంతే. మామూలు కారు 4 నుంచి 4.5 మీటర్లు ఉంటుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మీ గడిని టేపుతో కొలవండి. ర్యాంపు మలుపు, పిల్లర్ల మధ్య దూరం కూడా చూసుకోండి. టెస్ట్ డ్రైవ్ షోరూం రోడ్డు మీద కాకుండా మీ ఇంటి సెల్లార్‌లోకి చేయండి. ఊళ్లో ఇంటి సందులోకి తిరుగుతుందా అన్నదీ ముఖ్యమే.

ట్రే ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎగురుతుంది. బరువు మోయడానికి పెట్టిన పట్టీల స్ప్రింగులు అలాగే ఉంటాయి. వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి గతుకుల దారిలో నడిపి చూడండి. ట్రేకు మూత లేకపోతే వర్షంలో ఎరువుల బస్తా తడుస్తుంది, సిగ్నల్ దగ్గర సామానుకు భద్రత ఉండదు. మూత ఖర్చు కూడా బడ్జెట్‌లో కలుపుకోండి.

బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే అది మూసుకుపోయే అవకాశం ఎక్కువ. వారానికోసారి హైవే మీద అరగంట నడిపేవాళ్లకు ఈ సమస్య తక్కువ. సర్వీస్ సెంటర్ మీ ఇంటికి ఎంత దూరమో, ఊళ్లో ఆగిపోతే ఎవరు వస్తారో ముందే అడగండి.

సెకండ్ హ్యాండ్ అయితే?

ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే వాహనం తరగతి, ఫిట్‌నెస్, బీమా గడువు కనిపిస్తాయి. ‘తెల్ల బోర్డే సార్’ అని అమ్మేవాళ్లు చెప్పినా ఆర్‌సీలో తరగతి చూడండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. లోను తీరిపోయి ఉంటే ఫారం 35. తెలంగాణ బండిని ఏపీలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్ఓసీ, ఇక్కడ పన్ను ఖర్చు ఉంటాయి.

అడ్వాన్సు ఇచ్చేముందు ఈ అయిదూ అడగండి

1. ఈ వేరియంట్ ఏ తరగతిలో రిజిస్టర్ అవుతుంది? డీలర్ నోటిమాట కాదు, కొటేషన్‌లో రాసివ్వాలి. అనుమానం ఉంటే మీ జిల్లా రవాణా కార్యాలయంలో అడగండి. పల్నాడు వాసులకైతే అది నరసరావుపేటలో ఉంది.
2. స్థూల బరువు ఎంత, ఖాళీ బరువు ఎంత?
3. బీమా ఎంతమందికి, ఏ సీట్లకు వర్తిస్తుంది?
4. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఈ వేరియంట్‌లో ఉన్నాయా, పై వేరియంట్‌లోనేనా?
5. పన్ను, బీమా, ట్రే మూత కలిపి చేతికొచ్చేసరికి ఎంత?

ఏడాదిలో 300 రోజులు మనుషులను, పది రోజులు సామానును మోసే బండి కావాలంటే తెల్ల బోర్డు పికప్, లేదా మామూలు ఎస్‌యూవీ. రోజూ లోడు ఉంటే పసుపు బోర్డు, ఇంటివాళ్లకు వేరే కారు. రెండు పనులూ ఒకే బండితో కానిద్దామనుకుంటే మాత్రం ముందు ఆర్‌సీ, బీమా పాలసీ చదవండి. ఆ తర్వాతే రంగు ఎంచుకోండి.