మధురవాణి

శ్రీకాకుళం జిల్లా భావనపాడు వైపు రేవుల్లో పాత తరం ఆడవాళ్లంటే నూకాలమ్మ, పోలమ్మ, గంగమ్మ. అమ్మవారి పేరే ఇంటి పిల్లకూ. మధురవాణి అని పిలిచే గడప అరుదు.

17వ శతాబ్దిలో తంజావూరు రఘునాథ నాయకుడి ఆస్థానంలో సంస్కృత రామాయణం రాసిన కవయిత్రి పేరిది. గురజాడ దీన్ని తన ‘కన్యాశుల్కం’ నాటకంలో విజయనగరం వేశ్యకు పెట్టారు. 1892లో ఆ నాటకం రంగమెక్కింది. లుబ్ధావధాన్లును కేసులోంచి బయటపడేయడానికి మగవేషం కట్టి సౌజన్యారావు పంతులు ఇంటికెళ్లిందే, ఆ మధురవాణి! గిరీశం మాటకారే కావచ్చు, నాటకంలో అసలు తెలివి మాత్రం ఈమెదే.

1955 ‘కన్యాశుల్కం’ సినిమాలో ఆ పాత్ర సావిత్రిది. 2018లో ఆవిడ కథతోనే ‘మహానటి’ వచ్చింది. అందులో సావిత్రి జీవితాన్ని తవ్వి తీసే విలేకరి సమంత. ఆ పాత్ర పేరూ మధురవాణే.