చూపునకొక చోటు, చేతికొక చోటు

ఇంటికి కొత్త కంప్యూటరు తెచ్చుకునేటప్పుడు అందరూ దాని వేగాన్నీ, జ్ఞాపకశక్తినీ విచారిస్తారు. దానిని ఏ బల్లమీద పెట్టాలి, ఎదుట ఎట్లా కూర్చోవాలి అన్న విచారణ మాత్రం ఉండదు. స్టాండు, విడి కీబోర్డు, మౌసు, బల్లదీపం వంటివి డబ్బున్నవారి ముచ్చటలని కొట్టివేస్తారు. వ్రాతపనిముట్ల చరిత్రను ఒకమారు తిరగవేసి చూస్తే ఈ అభిప్రాయం నిలువదు. ఆ చరిత్ర పొడుగునా ఒకే చిక్కు కనబడుతుంది. చూపునకు కావలసిన ఎత్తు వేరు, చేతికి కావలసిన ఎత్తు వేరు. ఈ రెంటినీ ఒకేచోట కట్టివేసినంతకాలం మెడయో భుజమో నొచ్చుకుంటూనే ఉన్నది.

తాటాకుల కాలం నుండి మొదలుపెడదాం. లేఖకుడు నేలమీద కూర్చుని, ఆకును ఎడమచేత పట్టుకుని, కుడిచేతి గంటంతో అక్షరం గీసేవాడు. గీసిన గీత వెంటనే స్పష్టంగా కనబడదు. తరువాత మసి పూసి తుడిస్తేనే అక్షరం తేలుతుంది. అందుచేత కన్ను గంటపు మొనను విడిచిపోవడానికి వీలులేదు. తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు చేసుకున్న విన్నపం ఒకటి పండితులకు సుపరిచితం. వీపు, నడుము, మెడ విరిగేటట్లు తలవంచుకుని, చూపు నిలిపి, కష్టపడి వ్రాసిన గ్రంథమిది, జాగ్రత్తగా కాపాడండి అని దాని తాత్పర్యం. దానిని ఆచారవాక్యంగా చదివి దాటిపోతాము గాని, అందులో ఒక వృత్తిరోగపు లక్షణాలన్నీ ఉన్నవి.

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని వృత్తులవల్ల కలిగే రోగాలమీద 1700లో ఒక గ్రంథం ప్రకటించాడు. 1713 నాటి కూర్పులో లేఖకులను గురించిన అధ్యాయం చేర్చాడు. వారి బాధలకు ఆయన చెప్పిన కారణాలు మూడు: ఎడతెగక కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడిస్తూ ఉండడం, తప్పు దొర్లకుండా మనస్సును బిగబట్టి ఉంచడం. వ్రాసి వ్రాసి కుడిచేయి పట్టుతప్పిన ఒక లేఖకుడు ఎడమచేత వ్రాయడం నేర్చుకోగా, కొంతకాలానికి ఆ చేతికీ అదే వ్యాధి సోకినదని కూడా చెప్పాడు. మౌసును కుడినుండి ఎడమకు మార్చి ఊరట పొందుదామనుకునేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. చేయి మారితే చాలదు. పనిచేసే తీరు మారాలి.

చూపునూ చేతినీ మొదట విడదీసినది టైపు యంత్రం. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ ప్రభృతులు 1868లో పేటెంటు పొందిన యంత్రం మెరుగులు దిద్దుకుని, 1874లో రెమింగ్టన్ సంస్థ ద్వారా అంగడికి వచ్చింది. ఆ సంస్థ కుట్టుమిషన్లు కూడా తయారుచేసేది గనుక, తొలి యంత్రాన్ని కుట్టుమిషను బల్లవంటి దానిమీద బిగించి, కాలితో తొక్కితే పంక్తి మొదటికి మరలే ఏర్పాటు చేశారు. అచ్చుపడిన అక్షరం అప్పటికప్పుడు కనబడేది కూడా కాదు. క్రమంగా మీటలవంక చూడకుండా టైపు చేసే విద్య వచ్చింది. 1888లో సిన్సినాటిలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెక్‌గురిన్ నెగ్గిన మీదట దానికి ఖ్యాతి కలిగింది. చేతులు మీటలమీద, చూపు ప్రక్కనున్న కాగితంమీద. యంత్రపు ఎత్తు కూడా కలిసి మీటలు పైకి పోతాయి గనుక, కార్యాలయాలలో టైపు బల్లను వ్రాతబల్లకంటె రెండు మూడు అంగుళాలు తక్కువ ఎత్తున చేయించేవారు.

1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరుకు కీబోర్డు చుట్టలు తిరిగిన తీగతో విడిగా ఉండేది. ఎవరికి కావలసిన చోట వారు జరుపుకోవచ్చు. అప్పటికి చాలాముందే, 1964లో, డగ్లస్ ఎంగెల్‌బర్ట్, బిల్ ఇంగ్లీష్ కలిసి చెక్కదిమ్మకు రెండు చక్రాలు అమర్చి మౌసు తయారుచేశారు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని లోకానికి చూపారు. ఇవన్నీ మన ఇళ్ళకు చేరేసరికి వ్రాతబల్ల ఎత్తు మీటలకు ఎక్కువయింది. బల్లక్రింద సొరుగువలె ముందుకు లాగే పలక అందుకే వచ్చింది. కాని చాలా బల్లలలో ఆ పలక కీబోర్డుకు మాత్రమే సరిపోయేది. మౌసు పైబల్లమీదనే ఉండిపోయి, మాటిమాటికీ భుజమెత్తి చేయి చాచవలసి వచ్చేది.

ల్యాప్‌టాపు ఈ కథను వెనక్కు తిప్పింది. తెరనూ మీటలనూ మళ్ళీ ఒకే మడతలో బిగించింది. దానిని ఒడిలో పెట్టుకుంటే మెడ వంగుతుంది, ఎత్తున పెట్టుకుంటే భుజాలు లేస్తాయి. ప్రయాణంలో పదినిమిషాలకు పరవాలేదు. ఇంట్లో రోజుకు ఆరుగంటలంటే అది తాళపత్ర లేఖకుని భంగిమయే.

కనుక బల్లకు చేర్చుకునే సామగ్రిలో మొదటిది ఈ రెంటినీ మళ్ళీ విడదీసేదిగా ఉండాలి. తెర పై అంచు కంటి ఎత్తుకు, తెర చేతిపొడవు దూరానికి వచ్చేటట్లు క్రింద ఒక స్టాండు. గ్రంథాలమీద యంత్రాన్ని పెట్టడానికి మనసొప్పనివారు కొన్నాళ్ళు చెక్కపీటతో సరిపెట్టుకోవచ్చు. రెండుచూపుల కళ్ళద్దాలు వాడే పెద్దలకు తెర ఇంకొంచెం దిగువన ఉంటేనే సుఖం. తరువాత విడి కీబోర్డు, దాని ప్రక్కనే, అదే ఎత్తున మౌసు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి. దీపపు వెలుగు కాగితంమీద పడాలి గాని తెరమీద పడరాదు. మెరుపుదీపాల కీబోర్డులు, రంగురంగుల పరుపులు ఇవన్నీ అమరిన తరువాతి మాట.

తెలుగు వ్రాసేవారికి మరొక చిక్కున్నది. మనకు దొరికే కీబోర్డులలో చాలావాటిమీద తెలుగు అక్షరాలు ఉండవు. కాగితంమీది పటాన్ని వెతుకుతూ తల దించుకుంటే పై ఏర్పాట్లన్నీ వ్యర్థం. 1986లో భారతీయ లిపులకు ప్రమాణంగా ఏర్పడిన ఇన్‌స్క్రిప్ట్ అమరికను చూడకుండా నేర్చుకోవడమే దీనికి మందు. అందులో గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, క-చ-ట-త-పలు, గ-జ-డ-ద-బలు కుడిచేతి వైపు. అల్పప్రాణం మామూలుగా నొక్కితే వస్తుంది, అదే మీటను షిఫ్టుతో నొక్కితే మహాప్రాణం: క-ఖ, త-థ, ప-ఫ. గుణింతపు గుర్తున్న మీటమీదనే షిఫ్టుతో పూర్తి అచ్చు. వర్ణమాల క్రమం తెలిసినవారికి ఇది సగం వచ్చిన విద్య. ఒక నెల ఓపిక పడితే వ్రేళ్ళు దారి తెలుసుకుంటాయి, తల పైకి లేస్తుంది.

నాటి లేఖకుడు తన మెడ విరిగినదని చెప్పి, గ్రంథాన్ని కాపాడమని వేడుకున్నాడు. నేడు ఒక్క మీట నొక్కితే గ్రంథానికి ఎన్ని ప్రతులైనా వస్తాయి. వ్రాసేవారి వెన్నుకు రెండవ ప్రతి లేదు. ఇంట్లో చదువుకునే పిల్లల బల్లను, విశ్రాంత వయస్సులో అక్షరాలు దిద్దుకుంటున్న పెద్దల బల్లను ఈ దృష్టితో ఒకమారు పరికించవలసినదిగా సహృదయులకు మనవి.

స్వస్తి.