శ్రీలంక ఉచిత వైద్యం: ఓటు హక్కు నుంచి ఆర్థిక సంక్షోభం దాకా

శ్రీలంకలో ప్రభుత్వ ఆసుపత్రి సాధారణ వార్డులో చేరిన రోగి డాక్టరుకు గానీ, ఆపరేషన్‌కు గానీ డబ్బు కట్టనక్కర్లేదు. పన్నుల సొమ్ముతో నడిచే ఈ వ్యవస్థ దేశం సంపన్నమయ్యాక వచ్చింది కాదు. దేశం పేదగా ఉన్నప్పుడే ఓటు హక్కు, ఒక మహమ్మారి కలిసి దానికి దారి వేశాయి.

వలస పాలనలో పునాది

అప్పటి సిలోన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం 1858లో సివిల్ మెడికల్ డిపార్ట్‌మెంట్‌ను ఏర్పాటు చేసింది. 1870లో కొలంబో మెడికల్ స్కూల్ మొదలైంది. 1926లో కలుతరలో తొలి హెల్త్ యూనిట్ వచ్చింది. ఆసుపత్రికి వచ్చిన రోగులనే కాకుండా, ఆ ప్రాంత ప్రజలందరి ఆరోగ్యాన్నీ చూసుకోవడం దాని బాధ్యత. గర్భిణుల సంరక్షణ, టీకాలు, పారిశుద్ధ్యం దాని పరిధిలోకి వచ్చాయి.

ఓటు, మలేరియా

1931లో డొనమోర్ రాజ్యాంగం స్త్రీపురుషులకు వయోజన ఓటు హక్కు ఇచ్చింది. దీంతో పల్లె ప్రజల అవసరాలను నాయకులు పట్టించుకోక తప్పలేదు.

1934లో వర్షాలు ముఖం చాటేశాయి. ఎండిన నదుల్లో మిగిలిన నీటి గుంటల్లో దోమలు పెరిగాయి. 1934-35లో మలేరియా సుమారు 80,000 మందిని బలి తీసుకుంది. బాధిత గ్రామాల్లో మందులు, ఆహారం పంచిన వామపక్ష కార్యకర్తల్లో ఎన్.ఎం.పెరీరా, ఫిలిప్ గుణవర్ధన ఉన్నారు. 1936 ఎన్నికల్లో ఇద్దరూ స్టేట్ కౌన్సిల్‌కు గెలిచారు. ఆసుపత్రి, డిస్పెన్సరీ ఇక ఎన్నికల అంశాలయ్యాయి.

1951లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫీజులు రద్దయ్యాయి. 1971లో నామమాత్రపు ఫీజు పెట్టినా, 1977లో దాన్నీ తీసేశారు. భారత్‌లోనూ 1946లో భోర్ కమిటీ, చెల్లించే స్థోమతతో నిమిత్తం లేకుండా అందరికీ వైద్యం అందాలని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు ఇక్కడ పూర్తిగా అమలు కాలేదు.

తక్కువ ఖర్చు, మంచి ఫలితాలు

గ్రామీణ వ్యవస్థకు వెన్నెముక పబ్లిక్ హెల్త్ మిడ్‌వైఫ్. సుమారు 3,000 మంది జనాభాకు ఒకరు చొప్పున ఉంటూ, ఇంటింటికీ వెళ్లి గర్భిణులను, పసిపిల్లలను చూస్తారు. 1930లలో లక్ష ప్రసవాలకు 2,000కు పైగా ఉన్న మాతృ మరణాలు ఇటీవలి సంవత్సరాల్లో 30 దరిదాపులకు తగ్గాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా రహిత దేశంగా ప్రకటించింది. ఈ ఫలితాలకు ప్రభుత్వం పెట్టే ఖర్చు జీడీపీలో 2 శాతం అటూ ఇటూ మాత్రమే.

అయితే ఈ చరిత్రలో అందరికీ సమాన వాటా దక్కలేదు. తేయాకు తోటల్లోని భారత సంతతి తమిళ కూలీల వైద్యం చాలాకాలం తోటల యాజమాన్యాల చేతుల్లోనే ఉంది. 1948 పౌరసత్వ చట్టంతో వారిలో అత్యధికులు పౌరసత్వానికి, తర్వాత ఓటు హక్కుకు దూరమయ్యారు. ఓటు ద్వారా వచ్చిన వైద్యం, ఓటు లేని వారికి ఆలస్యంగా చేరింది.

2022లో బయటపడిన బలహీనత

ఉచిత వైద్యం సాగాలంటే ఖజానాలో డబ్బు, దిగుమతులకు డాలర్లు ఉండాలి. శ్రీలంక వాడే మందుల్లో అధిక భాగం విదేశాల నుంచి వస్తుంది. 2022లో విదేశీ మారక నిల్వలు అడుగంటడంతో మందులు, శస్త్రచికిత్స సామగ్రి కొరత ఏర్పడింది. మార్చిలో పేరాదెణియ ఆసుపత్రి అత్యవసరం కాని ఆపరేషన్లను వాయిదా వేసింది. భారత్ మందులు పంపింది. ఆ తర్వాత ఎంతోమంది డాక్టర్లు, నర్సులు విదేశాలకు వెళ్లిపోయారు.

అంత సంక్షోభంలోనూ ప్రభుత్వ వార్డుల్లో ఉచిత చికిత్స విధానం రద్దు కాలేదు. కానీ ఇవ్వాల్సిన మందు ఆసుపత్రిలో లేకపోతే రోగి బయట దుకాణంలో కొనుక్కోవాల్సిందే. ఫీజు రద్దుతో సమానంగా మందుల నిల్వ, సిబ్బంది ఉనికి కూడా ముఖ్యమని శ్రీలంక అనుభవం చెబుతోంది.